నల్లది నిద్రపోయేదాకా

19 సెప్టెంబరు 2011, సోమవారం

ఇవాళ్టి నుంచి ఆర్టీసీ కూడా సకల జనుల సమ్మెలోకి దిగింది. దిల్‌సుఖ్‌నగర్ డిపో ముందు టెంటు వేసుకున్నాం. పొద్దున్నుంచీ నినాదాలిచ్చి, గొంతు పోగొట్టుకుని, మధ్యాహ్నం అన్నానికి డ్రైవర్ శేఖర్ బండి మీద ఇంటికొచ్చాను. కండక్టరు ఉద్యోగంలో చేరాక పనిరోజున మధ్యాహ్నంపూట ఇంట్లో కంచం ముందు కూర్చోవడం నాకు గుర్తున్నంతలో ఇదే మొదలు.

కూర్చున్నాను గానీ తిననిచ్చిందెవరు? కంచం దగ్గరికి ఒక పిల్లికూన వచ్చింది. దాన్ని పక్కకు జరిపితే ఇంకొకటి. చూస్తే కుట్టుమిషన్ కింద గంపలో ఇంకా నడక రాని పసికూనలు మరికొన్ని ఉన్నాయి.

"ఇవెప్పుడొచ్చినయ్?" అని అడిగాను.

"శుక్రారం. నువ్వు రోజూ దాటుకుంటనే పోతున్నవ్," అంది యాదలక్ష్మి.

మా ఆవిడ పని నాకు తెలియనిదేమీ కాదు. ఎవరో పారేసిన కుక్కపిల్లలనూ, తల్లి చచ్చిపోయిన పిల్లికూనలనూ జంతువుల సంస్థవాళ్ళు తెచ్చి ఇస్తారు. ఈమె సాకుతుంది. అవి కోలుకుని, తమంతట తాము తినడం నేర్చాక మంచి ఇల్లు చూసి పంపేస్తుంది. చీరలకు ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చే ఆడవాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో మా గంపలో పెరిగిన జీవాలే తిరుగుతున్నాయి. తెలుసు గానీ ఏనాడూ కుదురుగా చూడలేదు. నేను డ్యూటీకి పోయేటప్పుడూ అవి నిద్రలోనే ఉండేవి, వచ్చేటప్పుడూ నిద్రలోనే ఉండేవి.

ఇవాళ చూశాను. గంపలోవాటిని ఒక్కొక్కటిగా ఒళ్ళో పెట్టుకుని సూదిలేని సిరంజీతో పాలు పట్టింది. పట్టాక తడిదూదితో పొట్ట కింద తుడిచింది. ఎందుకని అడిగితే, తల్లి నాకితే గానీ ఇంత చిన్నవాటికి ఒంటేలు రాదట. తడిదూదినే తల్లి నాలుక అనుకుంటాయట. నాకు నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. ఎంత ఓపిక! నా పెళ్ళానికి ఇంత ఓపిక ఉందని నాకు తెలియదు. నా మీద ఖర్చు పెట్టింది తక్కువ.


20 సెప్టెంబరు

టెంటు. ఇల్లు. పిల్లులు.


22 సెప్టెంబరు, గురువారం

మచ్చల కూనకు వనస్థలిపురంలో ఇల్లు కుదిరింది. ఇది గంపలోవాటి కంటే పెద్దది, పోయినసారి వచ్చిన ఈతలోది. బస్సుల్లేవు, ఆటోవాళ్ళు ఆకాశమంత రేటు చెబుతున్నారు. "నడుద్దాం, నీకేం పనున్నది?" అంది యాదలక్ష్మి. నిజమే, నాకేం పనుంది. సంచీలో కూనను పెట్టుకుని ఇద్దరం నడిచాం.

తీసుకునేవాళ్ళు మా ఇంటికొచ్చి పట్టుకుపోతే సరిపోతుంది కదా అని నా అనుమానం. అలా ఒప్పుకోదు ఈమె. తనే వాళ్ళింటికి తీసుకెళ్తుంది. వెళ్ళి కూర్చుంటుంది. ఆ జీవం ఆ ఇంట్లో నిద్రపోయేదాకా లేవదు. నిద్రపోకపోతే మళ్ళీ సంచీలో పెట్టుకుని వచ్చేస్తుంది. ఎవరు ఎంత బతిమాలినా అంతే.

"తింటే సాలదా?" అని అడిగాను దారిలో.

"తిండి ఎవలు పెట్టినా తింటది. భయమున్న కాడ పండది," అంది.

ఆ ఇంటావిడ టీ ఇచ్చింది, తర్వాత మరమరాలు ఇచ్చింది, మళ్ళీ టీ ఇచ్చింది. వీళ్ళెప్పుడు పోతారా అన్నట్టు ఆమె మొగుడు గోడ గడియారం వంక చూశాడు. మా ఆవిడ మాత్రం బ్లౌజుల గురించీ, కరెంటు కోతల గురించీ మాట్లాడుతూ, ఓరకంట కూననే చూస్తూ కూర్చుంది. అది ఇల్లంతా వాసన చూసింది, సోఫా కింద దూరింది, బయటికొచ్చింది. ఆఖరికి గుమ్మం దగ్గర ఆ ఇంటాయన చెప్పుల మీదే ముడుచుకుని కళ్ళు మూసింది. మా ఆవిడ అప్పుడు లేచింది. దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. "ఒస్తమమ్మా," అని నెమ్మదిగా చెప్పి బయటికి నడిచింది.

తిరిగొచ్చే దారిలో తోపుడుబండి మీద వేడివేడి మిర్చీలు వేస్తుంటే ఆగి రెండు తిన్నది. నేనేదో ఓదార్చాలేమోనని మాటలు వెతుక్కుంటుంటే, "ఏంది గట్ల జూస్తున్నవ్, నువ్వూ తిను," అంది. బస్సు నిండా జనాన్ని చూసే ఉద్యోగం నాది. టికెట్ లేనివాణ్ణి ముఖం చూసి చెప్పగలను. ఈమె ముఖంలో మాత్రం ఏమీ కనిపెట్టలేకపోయాను.


25 సెప్టెంబరు, ఆదివారం

చొక్కాకు అంటిన గంజి కూడా కడుక్కోకుండా రాస్తున్నాను.

ఎల్బీ నగర్ చౌరస్తాలో మా యూనియన్ వంటావార్పు పెట్టింది. రోడ్డు మీదే పొయ్యిలు, రోడ్డు మీదే పెద్ద పెద్ద డేగిశాలు. పాటలు, డప్పులు, మంచి ఊపుమీద ఉన్నాం. అన్నం ఉడికాక గంజి వార్చడానికి నలుగురు డేగిశాను ఎత్తి రోడ్డు పక్కకు వంచారు. అక్కడ ఆగి ఉన్న లారీ నీడలో ఒక నల్ల కుక్క పడుకుని ఉంది. పాటలో పడి ఎవరూ చూడలేదు. సలసలా కాగే గంజి దాని వీపు మీద పడింది.

అది అరిచిన అరుపు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. డప్పులు ఆగిపోయాయి. అందరం నిలబడి చూస్తున్నాం. మనిషెవరి మీదైనా పడి ఉంటే కొట్లాటయ్యేది, దీని తరఫున అడిగేవాళ్ళు లేరు. ఎవరో టెంటు పరదా ఇస్తే, అందులో చుట్టి ఎత్తుకుని ఇంటికి పరిగెత్తాను. ఎందుకు నేనే ఎత్తుకున్నానంటే ఏం చెప్పను? మా ఇంట్లో ఇలాంటివి చూసే మనిషి ఉందని నా ఒక్కడికే తెలుసు.

యాదలక్ష్మి దాని వీపు మీద బిందె తర్వాత బిందె చల్లనీళ్ళు ధారగా పోసింది. "కొత్తపేట డాక్టర్ కాడికి తీస్కపో, జల్ది," అంది.

ఎలా పోవాలి? కింద వాటాలో ఉండే ఓనరు భానుమూర్తిగారికి స్కూటర్ ఉంది. ఆయనది తెనాలి. ఈ ఊరొచ్చి ఇల్లు కట్టుకుని చాలా ఏళ్ళయింది. ఉద్యమం ఊపందుకున్నాక గేటు దాటడం తగ్గించేశాడు. కుక్కను చూసి ముఖం అదోలా పెట్టాడు గానీ, మారు మాట్లాడకుండా తాళంచెవి తీసుకుని, "ఎక్కండి జానయ్య గారూ, ఎక్కండి," అన్నాడు.

చౌరస్తాలో మావాళ్ళే రోడ్డు కట్టేసి ఉన్నారు. అవతలి వరసలో నన్నెరగని కుర్రాళ్ళు స్కూటర్‌కు అడ్డం వచ్చారు. "ఏ ఊరు సార్ మీది?" అని అడిగాడొకడు. ఆయన నోరు తెరిస్తే యాస బయటపడుతుంది. నేను సర్దిచెబుదామనేలోగా భానుమూర్తిగారు హ్యాండిల్ వదిలేసి, చెయ్యి పైకెత్తి, గొంతు చించుకుని "జై తెలంగాణ!" అని అరిచాడు. మా డిపోలో కూడా అంత గట్టిగా ఎవరూ అరవలేదు. కుర్రాళ్ళు బిత్తరపోయి, తర్వాత నవ్వి, నా ఒళ్ళో కుక్కను చూసి దారిచ్చారు. ఒకడు ముందు పరిగెత్తి జనాన్ని తప్పించాడు కూడా.

డాక్టరు మందు పూసి పంపాక తిరిగొచ్చాం. మెట్ల దగ్గర ఆయన, "కుక్క కోసం అన్నానండీ. అంటే మాత్రం తప్పేముంది లెండి," అన్నాడు. వెంటనే పాత షరతు గుర్తుచేశాడు. "మీ ఆవిడగారికి ముందే చెప్పాను. ఒకసారికి ఒక్కటే కుక్క. అదీ వచ్చిపోయేదైతేనే. ఉండిపోయేది మాత్రం వద్దు, నాకు దాని బొచ్చు పడదు, తుమ్ములొస్తాయి."

"ఉండనీకి ఎవలు తెచ్చిన్రు సార్, మానినంక పంపిస్తం," అన్నాను.


27 సెప్టెంబరు

నల్లది మంచం కింద నుంచి రావడం లేదు. యాదలక్ష్మి అన్నం పెడితే ముట్టలేదు. నేను పెడితే తిన్నది. నేనంటే ప్రత్యేకమని కాదు, ఆకలేసి ఉంటుంది.

పేరు పెట్టలేదు. మా ఇంట్లో దేనికీ పెట్టం. పేరు పెట్టే హక్కు తీసుకెళ్ళేవాళ్ళదని మా ఆవిడ అంటుంది.


30 సెప్టెంబరు, శుక్రవారం

వీధిలో బతుకమ్మ పాటలు. యాదలక్ష్మి తంగేడు పూలు పేర్చుకుని, పట్టుచీర కట్టుకుని, బయల్దేరబోతూ గంపలో కూనల ఏడుపు విని ఆగింది. "నువ్వు పో, పాలు నేను పడ్త," అన్నాను. నా చేతిలో సిరంజీ పెట్టి, ఎలా పట్టుకోవాలో చూపించి, నమ్మకం లేకపోయినా వెళ్ళింది.

పాలు సగం నా లుంగీ తాగింది. దూదితో తుడవడం కూడా చేశాను. డిపోలో తెలిస్తే నా పరువు గంగలో కలుస్తుంది. కానీ రాస్తున్నాను కదా, నిజమే రాస్తాను: గోరంత పొట్ట పాలతో బిగుసుకుని, నా అరచేతిలోనే ఒక కూన నిద్రపోయినప్పుడు నాకు గొప్పగా అనిపించింది. పట్టుమని పది నిమిషాల పనికే నాకింత గర్వమైతే, ఇన్నేళ్ళుగా చేస్తున్న మనిషి ఏమాత్రం తలెగరేయకుండా ఎలా ఉందో!

నల్లది మంచం కింద నుంచి తల బయటపెట్టి అంతా చూసింది. పుండు మీద మందు రాసేటప్పుడు పళ్ళు చూపిస్తుంది గానీ కరవదు. నేను రాస్తే పళ్ళు కూడా చూపించదు.


3 అక్టోబరు

ఒకావిడ కుక్క కోసం వచ్చింది. నల్లదాని వీపు మీద వెంట్రుకలు ఊడిన చోట గులాబీ రంగు చర్మం చూసి, "అయ్యో, ఇది ఇట్లనే ఉంటదా?" అంది. డాక్టరు వెంట్రుకలు మళ్ళీ రావని చెప్పాడని యాదలక్ష్మి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆమె చిన్న కుక్కపిల్లలుంటే చెప్పమని వెళ్ళిపోయింది.

మంచిదే అయింది. చిల్లర లేదని కసురుకునే రకం మనిషి, ముఖంలోనే ఉంది.


4 అక్టోబరు

ఇంకొకాయన. ఇతనికి మచ్చ ఫరవాలేదట. ఇంటి ముందు గొలుసుతో కట్టేస్తాడట. నేనే మెట్ల మీద నుంచే పంపేశాను. యాదలక్ష్మి నా వైపొకసారి చూసింది. గొలుసు సంగతి ఆమెకూ నచ్చలేదు.


6 అక్టోబరు, గురువారం, దసరా

జమ్మి ఆకు తెచ్చి భానుమూర్తిగారి చేతిలో పెట్టాను. ఆయన నన్ను కూర్చోబెట్టి అరిసెలు పెట్టించాడు. టీవీలో నినాదాలు వస్తున్నాయి. దాని గొంతు తగ్గించి, "ఏమండీ జానయ్య గారూ, రాష్ట్రం వస్తే మేమిక్కడ ఉండొచ్చంటారా? లేక మేము కూడా మీ ఆవిడ గంపలో కూనల్లాంటి వాళ్ళమేనా?" అని నవ్వుతూ అడిగాడు. నవ్వు నవ్వులా లేదు.

"మీరు పోతే కిరాయి ఎవలికియ్యాలె సార్," అన్నాను. ఆయన ఈసారి నిజంగా నవ్వాడు. నాకే ఆ జవాబు చాలలేదు. అంతకంటే మంచిది తట్టలేదు.

నల్లది మెట్ల చివర నా కోసం కూర్చుని ఉంది.


8 అక్టోబరు, శనివారం

కొత్తపేటలో ఉండే ప్రేమ్ కుమార్ అనే కుర్రవాడు, కంప్యూటర్లు బాగుచేస్తాడట, నల్లదాన్ని నిన్న వచ్చి చూసిపోయాడు. మచ్చను చూసి కూడా వెనక్కి తగ్గలేదు. సొంత ఇల్లు, తల్లి ఇంట్లోనే ఉంటుంది, గొలుసు లేదు. యాదలక్ష్మికి బాగా నచ్చాడు.

ఇవాళ కూనలకు విరేచనాలు. వాటిని వదిలి రాలేనని, "నువ్వు తీస్కపో. పద్ధతి తెల్సు గదా, పండేదాంక కూసో," అని నన్ను పంపింది.

వెళ్ళాను. కూర్చున్నాను. మర్యాదగానే చూశారు. నల్లది పడుకోలేదు. నేనేం చెయ్యను? పద్ధతి ప్రకారం మళ్ళీ తీసుకొచ్చేశాను. దారంతా తోక ఊపుతూనే ఉంది.


9 అక్టోబరు

దగ్గు వచ్చింది. మనిషన్నాక దగ్గు రాదా?


11 అక్టోబరు, మంగళవారం

రాయక తప్పదు.

పొద్దున యాదలక్ష్మికి సంస్థవాళ్ళ ఫోను. నాగోలు వైపు మురికినీళ్ళ నాలా పక్కన ఒక తల్లికుక్క ఈనింది, కాలు విరిగి ఉంది, వానొస్తే పిల్లలు కొట్టుకుపోతాయి, పెట్టుకుంటారా అని. ఈమె మంచం పక్కన నా కాళ్ళ దగ్గర పడుకున్న నల్లదాన్ని చూసింది. కింద భానుమూర్తిగారి వాటా వైపు చూసింది. తర్వాత, "ఇప్పుడు జాగ లేదమ్మా," అంది.

ఆ మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. ఫోను పెట్టేసి మిషన్ ముందు కూర్చుంది. కాళ్ళు తొక్కుతున్నాయి, సూది లేచి పడుతోంది, దాని కింద బట్ట లేదు. నన్ను తిట్టినా బాగుండేది.

అలా తొక్కుతూనే, "ప్రేమ్ కుమార్ ఫోన్ జేసిండు మొన్న," అంది, నా వైపు తిరగకుండానే. "అంకుల్‌కు దగ్గు తగ్గిందా అని అడిగిండు. కుక్క కండ్లు మూసినప్పుడల్లా దగ్గిన్రట గదా."

"అది కాదు యాదీ..."

"తెల్సు. నాకూ మొదట్ల వచ్చింది గసొంటి దగ్గు." అంతే అంది. మిషన్ ఆపి, కూనలకు పాలు కలపడానికి లేచింది.

ప్రేమ్ కుమార్ ఈలోపు ఇంకెక్కడో కుక్కపిల్లను తెచ్చుకున్నాడట. అతన్ని తప్పుపట్టడానికి లేదు.

సాయంత్రం పెద్ద వాన కురిసింది. ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. 


12 అక్టోబరు

నాలా పక్క పిల్లల్లో రెండు పోయాయట. తల్లినీ మిగిలిన వాటినీ ఎవరో ఒక దుకాణం షట్టర్ కింద పెట్టారు. అక్కడ ఎక్కువ రోజులు ఉంచనివ్వరట.

నేను దాచుకున్న కుక్క వల్ల పోయాయి. ఇంకోరకంగా రాయడానికి చూశాను, కుదరలేదు.


13 అక్టోబరు, గురువారం

టెంటులో కూర్చున్నానే గానీ మనసు అక్కడ లేదు. ఎవరికివ్వాలి? బస్సులో ఎక్కి దిగినవాళ్ళందరి ముఖాలూ తలుచుకున్నాను. అప్పుడు ఎలీశమ్మ వదిన గుర్తొచ్చింది. మా డిపో డ్రైవర్ ప్రభుదాసు భార్య. ఆయన నిరుడు గుండెపోటుతో పోయాడు. మీర్‌పేట్‌లో చిన్న ఇల్లు, ముందు కాస్త ఖాళీ జాగా, గేటు. కూతురు సాధన నర్సు, పొద్దున పోతే మళ్ళీ దీపాల వేళకే. పగలంతా వదిన ఒక్కతే.

వెళ్ళి అడిగాను.

"కుక్కనా?" అంది వదిన. "నాకెందుకు జానయ్యా! మీ అన్న ఉన్నప్పుడు ఒక్కనాడు వాకిట్లకు రానియ్యలె."

"ఒక్కసారి సూడు వదినె. నచ్చకుంటే ఒద్దు."

"నువ్వు గింత బతిమాలుతున్నవంటే దాంట్ల ఏదో లోపమున్నది," అంది. ఆర్టీసీ డ్రైవర్ పెళ్ళాన్ని మోసం చేయడం అంత తేలిక కాదు. వీపు సంగతి చెప్పాను, గంజి సంగతి చెప్పాను.

"మీరే పోసిన్రా? మీ వంటావార్పు పాడుగాను! కండ్లు నెత్తికెక్కినయా మీకు?" అని నన్ను పీటమీద కూర్చోబెట్టి మరీ తిట్టింది. తిట్టడం అయ్యాక, "ఎల్లుండి తీస్కరా. సూస్త," అంది.

ఇంటికొచ్చి యాదలక్ష్మికి చెప్పాను. వదిన గురించి ఆమెకు నాకంటే ఎక్కువ తెలుసు, పోయినేడు ప్రభుదాసు చనిపోయాక నలభయ్యో రోజు ప్రార్థన దాకా అన్నం వండి పంపింది ఈమే. "మంచి ఇల్లు," అని మాత్రం అంది. ఆ రెండు మాటలు విన్నాక నాకు అన్నం సయించలేదు.


15 అక్టోబరు, శనివారం

"నువ్వూ రా," అన్నాను యాదలక్ష్మితో. రానంది.

"నువ్వు తెచ్చినవ్, నువ్వే పండబెట్టి రావాలె. దగ్గకుండ కూసుంటవా?"

"కూసుంట."

రోడ్డుకు ఒక వారగా ఇద్దరం నడిచాం, నేనూ నల్లదీ. వదిన గేటు తీసి, ముందు దాని వీపే చూసింది. "ఇంత కాలిందా నా తల్లీ," అంటూ కొబ్బరినూనె తెచ్చి రాసింది. నల్లది పళ్ళు చూపించలేదు. దానికి పేరేం పెడదామని తనే ఆలోచించి, "బ్యూటీ," అంది. వీపు మీద వెంట్రుకలు లేనిదానికి బ్యూటీ! నవ్వబోయి, వదిన ముఖం చూసి మానుకున్నాను. ఎగతాళికి పెట్టిన పేరు కాదది.

గోడకు ఆనుకుని కూర్చున్నాను. వదిన చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ చర్చి పాట ఏదో కూనిరాగం తీస్తోంది. నల్లది మా ఇద్దరి నడుమ పడుకుని నన్నే చూస్తోంది. కళ్ళు వాలుతాయి, మళ్ళీ తెరుస్తుంది. నేను దగ్గలేదు. కాలు కూడా కదపలేదు. అయినా నిద్రపోదు. ఎండ గడప దాటి లోపలికొచ్చింది, మళ్ళీ బయటికి పోయింది. పద్ధతి ప్రకారం చూస్తే తిరిగి తీసుకుపోవాల్సిందే. ఆ ఆశ నాలో లేచింది కూడా, అబద్ధం ఎందుకు.

అప్పుడు తెలిసింది. దానికి ఆ ఇంట్లో భయం లేదు. నేనెక్కడ లేచి పోతానోనని కాపలా కాస్తోంది. నేను కూర్చున్నంతసేపూ దానికి నిద్ర రాదు.

లేచి, వదినకు సైగ చేసి, బయటికి నడిచాను. గేటు వేసి, దానికి కనబడకుండా గోడవారన చతికిలబడ్డాను. అది గేటు దాకా వచ్చింది. మూలిగింది. గేటు కింద సందులో ముక్కు పెట్టింది. నా చెయ్యి అక్కడికి జానెడు దూరంలో ఉంది. ఆ చెయ్యి మీద నేనే కూర్చున్నాను. వదిన దాన్ని పిలవలేదు, బుజ్జగించలేదు. పాట ఆపకుండా గడపలోకి వచ్చి కాళ్ళు చాపుకుని మళ్ళీ బియ్యం ఏరుకుంది. మూలుగు తగ్గింది. తర్వాత గోళ్ళ చప్పుడు లోపలికి వెళ్ళింది.

గేటు సందులోంచి చూశాను. నల్లది వదిన పాదం మీద గడ్డం ఆనించి, నోరు కాస్త తెరుచుకుని, ఒళ్ళు మరిచి నిద్రపోతోంది.

మీర్‌పేట్ నుంచి నడుచుకుంటూ వచ్చాను. నందనవనం దాటాక ఏడుపొచ్చింది. ఏడ్చాను. బస్సుల్లేవు కాబట్టి చూసే ప్రయాణికులు లేరు.

"పన్నదా?" అని అడిగింది యాదలక్ష్మి తలుపు తీస్తూ.

"పన్నది."

"తిన్నవా ఏమన్న?"

కంచం పెట్టింది. తింటూ అడిగాను: "ఇన్నిసార్లు ఎట్ల తట్టుకున్నవే?"

"తట్టుకున్న అని ఎవలు చెప్పిన్రు నీకు?" అంది.

 మిర్చీ బండి దగ్గర ఈమె ముఖంలో ఏమీ కనిపెట్టలేకపోయానని ఈ డైరీలోనే రాసుకున్నాను. కనిపెట్టడానికి నాకు చేతకాలేదు, అంతే. ప్రతిసారీ ఇవాళ నాకైనంతా ఈమెకూ అయింది. అయినా మర్నాడు గంప కడిగి ఎండబెట్టి, ఇంకోదాన్ని తెచ్చుకుంది. నేను సమ్మెలో నెలైనా కాకముందే ఊగిపోతున్నాను. ఈమె లాంటి మనిషిని నా సర్వీసు మొత్తంలో నేను చూడలేదు. ఈ సంగతి ఆమెతో అంటే కల్లేమైనా తాగొచ్చావా అంటుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.


16 అక్టోబరు, ఆదివారం

సమ్మె వాయిదా వేశారు. ఇక డ్యూటీ. రాష్ట్రం సంగతి ఏమవుతుందో తెలియదు, డిపోలో సగం మంది కోపంగా ఉన్నారు, నేనూ ఉన్నాను.

మధ్యాహ్నం తల్లికుక్క వచ్చింది, కాలికి కట్టుతో, వెంట పిల్లలతో. మేం ఒక్కొక్కదాన్నీ పైకి మోసుకెళ్తుంటే భానుమూర్తిగారు మెట్ల కింద నిలబడి చూశాడు. ఒక్కటే కుక్క అన్న మాట ఎప్పుడంటాడా అని మేమిద్దరం బిక్కచచ్చి ఉన్నాం.

"తల్లి ఒక్కటేగా కుక్క. పిల్లలు లెక్కలోకి రావులెండి," అని, తుమ్ముకుంటూ లోపలికి పోయాడు.


19 అక్టోబరు

డబల్ డ్యూటీ. కాళ్ళు వాచాయి. యాదలక్ష్మి నల్లదాన్ని చూడ్డానికి వెళ్ళొద్దంది. అది అక్కడ కుదురుకోవాలట. నేను వెళ్తానని ఎవరన్నారు?


23 అక్టోబరు

వెళ్ళలేదు.


26 అక్టోబరు, దీపావళి

టపాకాయల మోతకు తల్లికుక్క పిల్లలను చుట్టుకుని వణికిపోయింది. యాదలక్ష్మి కిటికీలన్నీ దుప్పట్లతో మూసి, చీకట్లో దాని పక్కనే కూర్చుంది. పండగ చీర కూడా మార్చుకోలేదు. దీపాలు నేను పెట్టాను. మీర్‌పేట్‌లో ఎలా ఉందో అని ఒక్కసారి అనుకున్నాను. ఒక్కసారే.


30 అక్టోబరు, ఆదివారం

ఇవాళ నన్ను మీర్‌పేట్ బస్సు మీద వేశారు. నేను అడగలేదు. అడిగి ఉంటే మాత్రం ఏం.

చివరి స్టాపులో బండి కాసేపు ఆగుతుంది. డ్రైవర్ టీ తాగుతానన్నాడు. నాకు దాహమేసింది. నీళ్ళు స్టాపులోనూ దొరుకుతాయి, అయినా వదిన వాళ్ళ సందులోకి నడిచాను. దూరం నుంచి చూసి వచ్చేద్దామనే.

గేటుకు ఇంకా నాలుగిళ్ళ దూరంలో ఉండగానే నల్లది లోపలి నుంచి దూసుకొచ్చింది. ముందరి కాళ్ళు గేటు మీద వేసి, నన్ను చూసి మొరిగింది.

మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది మొరగలేదు. పాలవాడొచ్చినా, కరెంటు మనిషొచ్చినా చూసి ఊరుకునేది. దాని గొంతు ఇంత పెద్దదని నాకు తెలియదు.  మరిచిపోయిందే అనుకున్నాను. అప్పుడు నన్ను నేను చూసుకున్నాను. ఒంటి మీద ఖాకీ, భుజాన టికెట్ల సంచీ. సమ్మె రోజుల్లో అది చూసింది లుంగీ కట్టుకున్న జానయ్యను. గాలి కూడా దాని వైపు నుంచి నా వైపు వీస్తోంది. దానికి నేను ఎవడో ఖాకీ మనిషిని, దాని ఇంటి మీదికి వస్తున్నాను.

ఒక్కసారి "నల్లదానా" అంటే చాలు. గేటు కింద నుంచైనా దూరి వచ్చేది, బస్సు దాకా నా వెంటే నడిచేది, తర్వాత ఎన్ని రోజులు గేటు దగ్గర కూర్చునేదో. నోరు తెరిచాను కూడా.

మూసుకున్నాను.

"ఏందే బ్యూటీ, ఎవలొచ్చిన్రే?" అని లోపలి నుంచి వదిన కేక వినిపించింది. నల్లది తల తిప్పి ఆమె గొంతు వైపు ఒకసారి తోక ఊపి, మళ్ళీ నా వైపు తిరిగి ఇంకా గట్టిగా అందుకుంది.

వెనక్కి తిరిగి నడిచాను. సందు మలుపు తిరిగేదాకా మొరుగుతూనే ఉంది. ఎంత బాగా మొరిగిందో యాదలక్ష్మికి చెప్పాలి.